చేన్లో తీసిన ఫోటో: ఏది ఊరి పేరుతో పెట్టాల, ఏది పెట్టకూడదు

పై వీడియోలో కంది చేన్లో, చేని చుట్టూ తీసిన పురుగుల ఫోటోలు, పిట్టల ఫోటోలు చూపించినాను. వీడియోలో నిదానంగా చెప్పడానికి వీలుకాని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

రైతుల వాట్సాప్ గ్రూపు ఏది తెరిచినా పొద్దున్నే ఒక ఫోటో ఉంటుంది. సగం మసక, సగం బొటనవేలు. కింద ఒకే ముక్క: "అన్నా, ఇదేం పురుగు?" ఐదు నిమిషాల్లో నాలుగు జవాబులొస్తాయి. ఒకాయన నీమాస్త్రం అంటాడు, ఇంకొకాయన అగ్నిఅస్త్రం అంటాడు, మూడో ఆయన పుల్లమజ్జిగ. ఏ పైరు, ఎన్ని రోజుల పైరు, ఏ మండలం అని అడిగేవాళ్లు తక్కువ. అదే గ్రూపులో సాయంత్రానికి ఒక పిల్లోడు నక్షత్ర తాబేలును అరచేతిలో పెట్టుకుని వీడియో పెడతాడు. అందులో మాత్రం ఊరి పేరు, వంక పేరు, ఎవరి చేని గెనిమ మీద దొరికిందో అన్నీ వివరంగా చెప్తాడు.

జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. పురుగు ఫోటోకు చోటు, తేదీ, పైరు ఉంటేనే విలువ. అడవి ప్రాణి ఫోటోకు చోటు చెప్తే దాని ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడా తెలిస్తే చాలావరకు పని అయినట్టే.

ముందు పురుగుల సంగతి. కందిలో, అలసందలో పేనుబంక పట్టినప్పుడు దగ్గరికి పోయి చూస్తే నల్లగా, ఒళ్లంతా చిన్న ముళ్లతో, అక్కడక్కడ నారింజ రంగు మచ్చలతో చిన్న మొసలి మాదిరి ఒకటి పాకుతుంటుంది. చూసేదానికి భయంగా ఉంటుంది కాబట్టి అదే పంటను తింటోందనుకుంటారు. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయినాక ఎర్రగా గుండ్రంగా చుక్కలతో ఉంటే అందరూ గుర్తుపడతారు, పిల్ల దశలో చంపేస్తారు. పేనుబంకను తినేది ఈ పిల్లే, అదీ చాలా ఆకలితో తింటుంది. అట్లనే ఆకు మీద సన్నని వెంట్రుక లాంటి కాడ, దాని కొనకు తెల్లని గుడ్డు వేలాడుతుంటే అది అల్లికరెక్కల పురుగు గుడ్డు, మన మిత్రపురుగే. పేనుబంక మధ్యలో కాళ్లు లేకుండా, ఆకుపచ్చగా జలగ మాదిరి కదిలేది సిర్ఫిడ్ ఈగ పిల్ల. అదీ మిత్రపురుగే. కషాయమైనా సరే, నేరుగా మీద పడితే ఈ మెత్తని పిల్లలకు కూడా దెబ్బే. అందుకే గ్రూపులో ఎవరో చెప్పిన కషాయం కలిపే ముందు పేరు తెలుసుకోవాల. పేరు తెలియాలంటే ఫోటో బాగుండాల.

ఖరీదైన కెమెరా ఏం అక్కరలేదు. ఒక పురుగుకు మూడు ఫోటోలు తీయండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అది కూర్చున్న మొక్క మొత్తం కనపడేట్టు ఒకటి. ఆకును తిప్పి అడుగువైపు కూడా చూడండి, చానా పురుగులు అక్కడే ఉంటాయి. సైజు తెలిసేదానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కంటే పొద్దున ఎనిమిదిలోపు తీస్తే వెలుగు మెత్తగా ఉంటుంది, పురుగులు కూడా మందకొడిగా ఉంటాయి. ఫోన్‌ను మరీ దగ్గరికి పెడితే మసకే వస్తుంది. జానెడు దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవచ్చు. కింద రాయాల్సింది: పైరు, రకం, విత్తి ఎన్నాళ్లు, తేదీ, మండలం, ఎన్ని చెట్లకు ఎన్ని చెట్లలో కనపడింది. ఆ ఆఖరి లెక్క మాత్రం మరవద్దు. పది చెట్లకు ఒకదాంట్లో ఉంటే ఒక కథ, ఎనిమిదింట్లో ఉంటే ఇంకో కథ.

చోటు, తేదీ ఎంత ముఖ్యమో కత్తెర పురుగు విషయంలో చూసినాం. మన దేశంలో అది మొదట బయటపడింది 2018 మే నెలలో, కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో. కొన్ని నెలల్లోనే మన రాష్ట్రానికి కూడా వచ్చేసింది. కొత్త పురుగు యాడ మొదలైంది, ఎంత వేగంగా వస్తోంది అనేది తెలిసేది ఇట్లాంటి నమోదుల వల్లే. దాన్ని ఫోన్ ఫోటోలోనే పట్టుకోవచ్చు: తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం మాదిరి తెల్ల గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. కానీ తల, తోక రెండూ స్పష్టంగా రావాల. మొక్కజొన్న సుడి లోపల కూర్చున్నప్పుడు పైనుంచి తీసిన ఫోటోలో ఈ రెండూ కనపడవు. బయటికి తీసి ఆకు మీద పెట్టి తీయండి.

పాముల గురించి ఒక్క మాట. కరిచిన తర్వాత పాము ఫోటో కోసం వెతకొద్దు, గ్రూపులో పెట్టి జవాబు కోసం ఎదురుచూడొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒక్కటే. ఫోటో లేకపోయినా వైద్యం ఆగదు. గ్రూపులో ఎవరో "అది విషం లేనిది లే" అన్నారని ఇంట్లో కూర్చుంటేనే మనిషి పోతాడు.

ఇక రెండో రకం. మన కడప జిల్లాకే సొంతమైన కథ ఒకటి ఉంది, ఫోటోలు పెట్టే ప్రతి రైతూ తెలుసుకోవాల్సింది.

కలివికోడి. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరుతో శాస్త్రవేత్తలు దాన్ని 1848లో లోకానికి తెలిపినారు. 1900లో ఒకరు చూసినారు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ గారు మన ప్రాంతానికి వచ్చి వెతికినారు. పిట్టలు పట్టేవాళ్లను కలిసినారు. 1986 జనవరిలో లంకమల కొండల అంచున రెడ్డిపల్లె దగ్గర ఆ పిట్ట దొరికింది. పట్టింది మన ప్రాంతపు మనిషే. అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు బైనాక్యులర్లు పట్టుకుని తిరిగినవాళ్లకు యాడ కనపడుతుంది? ఇక్కడివాళ్లకు మాత్రం దానికి పేరు కూడా ఉంది. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి. రెండేళ్లకు, 1988లో, అది తిరిగే అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించినారు.

చోటు రాసిపెట్టడం వల్ల వచ్చే లాభం కూడా ఈ పిట్ట కథలోనే ఉంది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒక గుడ్డు ఉండేది. 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించిందని దాని వివరం. 2013లో డీఎన్ఏ పరీక్ష చేసి అది కలివికోడి గుడ్డేనని తేల్చినారు. చోటు, సంవత్సరం రాసి ఉండబట్టే దాదాపు వందేళ్ల తర్వాత కూడా ఆ గుడ్డు, పిట్ట ఒకప్పుడు యాడిదాకా ఉండేదో చెప్పగలిగింది.

అంటే చోటు నమోదు కావాల. కానీ అందరికీ తెలియకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎట్లా అనేదే అసలు ప్రశ్న.

ముందు ఏవి దాచాలో చూద్దాం. వానలు పడినాక మెట్ట చేలల్లోకి నక్షత్ర తాబేళ్లు వస్తాయి. అక్రమంగా పట్టి అమ్మే వ్యాపారం ఎంత పెద్దదంటే, 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దీన్ని అన్నిటికంటే కఠినమైన జాబితాలోకి ఎక్కించినారు. ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం, అదృష్టం వస్తుందని ఎవరు చెప్పినా సరే. అలుగు సంగతీ అంతే. ఎర్రచందనం అడవిలో సహజంగా పెరిగేది లోకం మొత్తంలో మన దక్షిణ తూర్పు కనుమల్లోనే. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నిబంధనలున్నాయి, దొంగరవాణా మాత్రం అందరికీ తెలిసిందే. చేన్లో ఎర్రచందనం నాటుకున్న రైతులు కూడా చెట్టును కౌగిలించుకుని, చుట్టుకొలత చెప్తూ, ఊరి పేరుతో వీడియో పెట్టడం నాకు నచ్చదు. దొంగకు మనమే లెక్క చెప్పినట్టు.

గూళ్ల సంగతి వేరే. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది, అదీ 1988లోనే బట్టమేక పిట్ట కోసం అభయారణ్యమైంది. ఆ పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది, మామూలుగా ఒక్కటే. మనిషి దగ్గరికి పోతే తల్లి లేచి పోతుంది. ఫోటో కోసం గుడ్డు చుట్టూ గడ్డి పక్కకు జరిపితే కాకికి దారి చూపినట్టే. చేన్లో చితక గూడైనా, పూరేడు గూడైనా ఇదే సూత్రం. గుడ్లను, గూళ్లను కదిలించడం చట్టం ప్రకారం వేటతో సమానం. అభయారణ్యం లోపల ఫోటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాల.

రోళ్లపాడు చుట్టుపక్కల రైతులకు కృష్ణజింకల మీద కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. పిట్ట కోసం కాపాడిన చోట జింకలు పెరిగి చేలమీద పడినాయి. పిట్టలేమో తగ్గిపోయినాయి. మీ శనగ చేనును జింకలు మేసినాయనుకోండి, ఆ ఫోటోలకు మాత్రం ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసే తీయండి. తేదీ, సర్వే నంబరు, మేసిన మేర అన్నీ కనపడాల. అవి గ్రూపుకు కాదు, పరిహారం అర్జీకి.

ఇప్పుడు ఫోన్ సంగతి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తీసిన ప్రతి ఫోటో లోపల ఆ చోటు దాక్కుని ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది. క్వాలిటీ బాగుంటుందని డాక్యుమెంట్‌గా పంపితే చోటు కూడా దాంతోపాటే పోయి చేరుతుంది. చానామందికి తెలియని తేడా ఇది. వీడియోల్లో ఇంకో చిక్కు: నోటితో ఊరి పేరు చెప్పకపోయినా వెనక గుడి గోపురమో, కొండ వాలో, కిలోమీటరు రాయో కనపడితే చాలు, ఆ ప్రాంతం తెలిసినవాడు నేరుగా వచ్చేస్తాడు.

నమోదు కోసం వాట్సాప్ పనికిరాదు. ఈరోజు పెట్టింది రేపటికి గుడ్ మార్నింగ్ పూల కింద పూడిపోతుంది. ఐనేచురలిస్ట్ అనే యాప్ ఉంది, డబ్బులు కట్టే పని లేదు. ఫోటో పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది, తర్వాత తెలిసినవాళ్లు చూసి సరిచేస్తారు. యాప్ మొదట చూపించిన పేరునే నమ్మొద్దు. మన పురుగుకు అమెరికా పురుగు పేరు చూపించడం కద్దు. ప్రమాదంలో ఉన్నాయని గుర్తించిన జాతులకు అది తనంతట తానే చోటును మసక చేస్తుంది. దాదాపు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది, అసలు చోటు లోపల భద్రంగా ఉంటుంది. కానీ మీరు జాతి పేరు పెట్టకుండా ఉత్త "తాబేలు" అని పెడితే దానికేం తెలుసు? ఎవరో గుర్తుపట్టేదాకా చోటు బయటే ఉంటుంది. అందుకే నక్షత్ర తాబేలు, అలుగు, ఎర్రచందనం లాంటివాటికి పెట్టేటప్పుడే మీ చేత్తో 'అబ్స్‌క్యూర్డ్' అని ఎంచుకోండి. అదే గంటలో అదే గట్టు మీద తీసిన మామూలు పిట్ట ఫోటోను తెరిచిన చోటుతో పెట్టొద్దు, రెండూ కలిపి చూస్తే దాచింది బయటపడుతుంది. పిట్టలకు ఈబర్డ్ కూడా ఉంది, అందులోనూ కొన్ని పిట్టల చోటు ఇట్లనే మసక చేస్తారు.

కలివికోడి మాదిరి పిట్ట నిజంగా కనపడిందనిపిస్తే? రెండు గోధుమ రంగు పట్టీలు ఎద మీద, పొడుగు కాళ్లు, చీకటి పడినాక పొదల మధ్య పరుగు. ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. టార్చి కొట్టి వెంటపడొద్దు. చోటు, తేదీ, టైము కాగితం మీద రాసుకుని అటవీశాఖ రేంజి ఆఫీసులో చెప్పండి. సద్దు వినపడితే ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి.

ఆఖరిగా, ఫోటో కింద మీ ఊళ్లో పిలిచే పేరు కూడా రాయండి. ఒకే పిట్టను కర్నూలు పక్క ఒకరకంగా, కడప పక్క ఇంకోరకంగా పిలుస్తారు. అది ఏ యాప్‌లోనూ ఉండదు, మీ అవ్వనడిగితే చెప్తుంది.