రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ – ఖర్చెంత? రాబడెంత?

మన కళాశాలలో చదివి అమెరికా వచ్చి స్థిరపడిన కుటుంబాలలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి వుంది: “ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదివితే గిట్టుబాటవుతుందా?” స్వదేశంలోని విద్యార్థులు కూడా నన్నిదే అడుగుతున్నారు. గిట్టుబాటు అన్నది నోటి మాటతో కాక లెక్కతో తేలవలసిన విషయం గనుక, ఆ లెక్కనే పాఠకుల ముందు పెడుతున్నాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే హైస్కూలు పూర్తయిన వారికోసం ప్రభుత్వ సొమ్ముతో నడిచే రెండేళ్ళ కాలేజీ. మన జూనియర్ కాలేజీతో దీన్ని పోల్చరాదు. పూర్వం అమెరికాలో నర్సింగ్ ఎక్కువగా ఆసుపత్రులలోనే మూడేళ్ళ డిప్లొమాగా నేర్పేవారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నర్సుల కొరత ఏర్పడింది. అప్పుడు మిల్‌డ్రెడ్ మోంటాగ్ అనే విదుషీమణి కొలంబియా విశ్వవిద్యాలయంలో 1951లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో, కాలేజీలోనే రెండేళ్ళలో నర్సును తయారు చేయవచ్చునని వాదించారు. 1952లో దాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. నేడు రెండేళ్ళ డిగ్రీవారైనా, నాలుగేళ్ళ బాచిలర్ డిగ్రీవారైనా రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే. పాసైతే ఇద్దరూ రిజిస్టర్డ్ నర్సులే.

ఇక ఫీజు సంగతి. 2024–25లో కమ్యూనిటీ కాలేజీ ఫీజు, ఆ ప్రాంత వాసులకు, దేశం మొత్తం మీద సగటున ఏడాదికి 4,050 డాలర్లు. సొంత రాష్ట్రంలోని నాలుగేళ్ళ ప్రభుత్వ కళాశాలలో అది 11,610. పేరుకు రెండేళ్ళే గాని, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ వంటివి ముందుగా పూర్తి చేయాలి. కనుక మూడేళ్ళని వేసుకోవడం మంచిది. అంటే ఫీజు 12,150 డాలర్లు. పుస్తకాలు, యూనిఫారాలు, టీకాలు, 200 డాలర్ల పరీక్ష ఫీజు వగైరా దీనికి అదనం. పౌరులకూ, గ్రీన్‌కార్డు వున్నవారికీ ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంటు వస్తుంది. 2024–25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అది పూర్తిగా వస్తే ఫీజు పోగా ఇంకా మిగులుతుంది.

రాబడి చూద్దాం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024 మే నాటికి రిజిస్టర్డ్ నర్సులందరినీ జీతాల వరసలో నిలబెడితే, సరిగ్గా మధ్యనున్నవారికి ఏడాదికి 93,600 డాలర్లు. ఐతే కొత్తగా చేరినవారికి అంత రాదు. అట్టడుగు పదోవంతు మంది జీతం 66,030 కంటే తక్కువ. నేను జాగ్రత్త కోసం ఈ 66,030నే పట్టుకుంటాను.

ఒకామె నర్సింగ్ అసిస్టెంటుగా పని చేస్తోందనుకుందాం. ఆ ఉద్యోగంలో మధ్యస్థ జీతం 39,530. మొదటి సబ్జెక్టులు సాయంకాలాలు చదివి, అసలు నర్సింగ్ చదివే రెండేళ్ళూ ఉద్యోగం మానితే, పోయిన జీతం 79,060. ఫీజుతో కలిపి 91,210. నర్సయ్యాక ఏడాదికి అదనంగా వచ్చేది 26,500. పన్నుల మాట పక్కన పెడితే, పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి సుమారు మూడున్నరేళ్ళు పడుతుంది. ముప్ఫై ఏళ్ళు చేయగల ఉద్యోగానికి ఇది మంచి బేరమే.

ఇందులో గమనించవలసిందేమంటే, ఫీజు మొత్తంలో ఏడో వంతు మాత్రమే. అసలు ఖర్చు కాలం! చాలా కాలేజీలలో నర్సింగ్ సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. సీటు కోసం ఒక్క ఏడాది ఆగితే పోయేది 26,500, అంటే మొత్తం ఫీజుకు రెట్టింపు పైనే. కనుక తక్కువ ఫీజు కాలేజీ ఏదని కాదు, సీటు ఎప్పుడిస్తారు, చేరినవారిలో ఎందరు పూర్తి చేస్తున్నారు, లైసెన్సు పరీక్షలో ఎందరు నెగ్గుతున్నారు అని అడగాలి. సగంలో మానేసినవారికి ఖర్చే గాని రాబడి లేదు.

మాకు దగ్గరలో వుండే ఒక చెల్లెలు, మన దగ్గర బి.యస్సీ. చదివి వచ్చింది. నేను ఈ లెక్కంతా వేసి చూపిస్తే, “అన్నయ్యా, తెల్లవారుజామున ఆసుపత్రి ట్రైనింగుకి పోతే పిల్లాణ్ణెవరు చూస్తారో అది కూడా రాయి ఆ కాగితం మీద” అంది. ఆ మాట అక్షరాలా నిజం. పిల్లల సంరక్షణ ఖర్చు ఫీజును మించిపోవచ్చు. పన్నెండేసి గంటల డ్యూటీలు, రాత్రి పనులు, నడుం నొప్పులు ఏ పట్టికలోనూ కనబడవు.

రెండేళ్ళ డిగ్రీతో అన్ని తలుపులూ తెరుచుకోవు. కొన్ని పెద్ద ఆసుపత్రులు బాచిలర్ డిగ్రీవారినే కోరుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్ళలోగా బాచిలర్ డిగ్రీ తెచ్చుకోవాలి. ఐనా ఉద్యోగం చేస్తూ దాన్ని పూర్తి చేయవచ్చు. కొన్ని ఆసుపత్రులు ఆ ఫీజులో కొంత భరిస్తాయి కూడా.

చివరగా స్వదేశంలోని తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఒక మాట. పై లెక్క ఇక్కడ నివాసముండి, పని చేసే అనుమతి వున్నవారికి వేసింది. విద్యార్థి వీసాపై వచ్చేవారికి ఫీజు చాలా ఎక్కువ, పెల్ గ్రాంటు లేదు. పైగా హెచ్-1బి వీసాకు కనీసం బాచిలర్ డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగం కావాలి. రెండేళ్ళ డిగ్రీ ఉద్యోగంతో అది దొరకడం బహు కష్టం. హెచ్-4 వీసాపై వున్న గృహిణులు చదువుకోవచ్చు గాని, పని అనుమతి లేనిదే జీతం లేదు. అక్కడ నర్సింగ్ చదవదలచినవారు మన దేశంలోనే చదివి, అర్హత పత్రాలు పరిశీలింపజేసుకుని, ఇక్కడి లైసెన్సు పరీక్ష రాయడమే మేలు. అప్పు చేసి విమానమెక్కే ముందు ఫీజు కాగితం కాదు, వీసా కాగితం చదవండి.