రెండో గీత

మామూలు రోజుల్లో ఆటలకు, సభలకు జనం వచ్చే బెజవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియానికి 2020లో కరోనా పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి వచ్చారు. ఆర్టీసీ ఇంద్ర బస్సులు కొన్ని సంజీవని పేరుతో శాంపిళ్లు తీసే బళ్లుగా మారాయి. ఆ పుల్ల లోపలికి పోతుంటే కళ్లలో నీళ్లు తిరిగినవాళ్లకు వచ్చిన సందేహం ఒకటే: ఇంత హింస దేనికి, కాస్త ఉమ్ము తీసుకుంటే సరిపోదా?

జవాబు ఆ పుల్ల తడితో గీత తేల్చే టెస్టు పట్టీ పుట్టుకలోనే ఉంది. కరోనా కోసం కనిపెట్టిందేమీ కాదది. 1988లో క్లియర్‌బ్లూ సంస్థ ఇంట్లోనే ఒకే అంచెలో చేసుకునే గర్భ పరీక్షను అమ్మకానికి పెట్టింది. మూత్రం తగిలితే చాలు, గీత తేలుతుంది. తరవాత అదే పద్ధతి మలేరియాకు ఒక్క రక్తపు చుక్కతో కుదిరింది. మన ఏజెన్సీ ఊళ్లలో ఆశా కార్యకర్తల సంచుల్లో ఉండేది అదే. 2004లో అమెరికాలో హెచ్‌ఐవీ కోసం చిగుళ్ల మీద తుడిచిన తడి కూడా పనికొచ్చింది. అయితే ఆ పరీక్ష వెతికేది వైరస్‌ని కాదు, ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. 2012లో దాన్ని ఇంట్లో చేసుకోవడానికి అనుమతించే నాటికి కూడా, రోగం ఉన్న పన్నెండు మందిలో ఒకరు తప్పించుకునే లెక్క ఉంది.

పట్టీలో ఏం జరుగుతుందో చూడండి. బఫర్ ద్రావణంలో పుల్లను తిప్పి, గొట్టం మూతి నుంచి మూడు చుక్కలు గుంటలో వేస్తారు. తడి కాగితంలో పాకుతూ పోతుంది. దారిలో అతి సన్నని బంగారు రేణువులు ఉంటాయి, వాటికి యాంటీబాడీలు అంటించి ఉంటాయి. బీసెంట్ రోడ్డు నగల షాపుల్లో పసుపుపచ్చగా మెరిసే బంగారమే, అంత సన్నగా నూరితే ఎర్రగా కనబడుతుంది. వైరస్ ప్రోటీన్ దొరికితే ఆ రేణువులు దాన్ని పట్టుకుని ‘టి’ గీత దగ్గర ఆగిపోతాయి. చాలినన్ని ఆగితేనే కంటికి ఎరుపు. ‘సి’ గీత మాత్రం పట్టీ పనిచేస్తోందని చెప్పడానికి. పదిహేను నిమిషాలకు చూడాలి, అరగంట దాటితే ఆ గీతను నమ్మకూడదు.

అసలు చిక్కు ఆ ‘చాలినన్ని’ దగ్గరే. పట్టీ ఉన్నదాన్ని చూపిస్తుంది, పెంచి చూపించదు. ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వైరస్ జన్యువు తునక ఒక్కదాన్ని రెండు చేసి, రెండింటిని నాలుగు చేసి, ముప్ఫై విడతల్లో వంద కోట్లు దాటిస్తుంది. అందుకే ఉమ్ము ఆర్‌టీపీసీఆర్‌కి బాగానే కుదిరింది. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉమ్ములోంచి ఆర్‌ఎన్‌ఏని విడదీసే పని కూడా మానేసి, ఎంజైము కలిపి వేడి చేసి సరిపెట్టారు. దానికి 2020 ఆగస్టులో అమెరికా అనుమతి వచ్చింది. ఇక్కడ హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ మరో దారిలో ఖర్చు తగ్గించింది. పుల్లను ద్రవంలో ముంచకుండా పొడిగానే ల్యాబుకు తెచ్చి పరీక్ష చేసే ఆ పద్ధతికి అదే ఏడాది నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సరేనంది.

పట్టీకి ఆ బలం లేదు. నోట్లో వైరస్ నీళ్లలో కలిసి పలచబడుతుంది, ఉమ్ములోని జిగురు కాగితంలో పాకే తడిని అడ్డుకుంటుంది, కిళ్లీ, కాఫీ, ఖైనీ ఉండనే ఉంటాయి. 2021లో బ్రిటన్ స్కూలు పిల్లలు నారింజ రసాన్ని నేరుగా పట్టీ మీద పోసి, గీత తెప్పించి, బడి ఎగ్గొట్టారు. పులుపుకి యాంటీబాడీలు తికమకపడతాయి, పాపం!

2020 ఏప్రిల్‌లో కొరియా నుంచి ఆంధ్ర రాష్ట్రానికి దిగిన లక్ష కిట్లను చాలామంది ఈ పట్టీలే అనుకున్నారు. కానీ అవి రక్తంలో యాంటీబాడీ చూసేవి, సోకిన వారం పది రోజులకు గాని పలకవు. ముక్కు పుల్లతో వైరస్ ప్రోటీన్‌ని వెతికే యాంటిజెన్ కిట్‌ని ఐసీఎంఆర్ జూన్ 14న అనుమతించింది. రెండు చోట్ల పరీక్షిస్తే జబ్బు పట్టుకునే సత్తా ఒకచోట 50.6, మరోచోట 84 శాతం. జబ్బు లేనివాళ్లను లేదనడంలో మాత్రం 99.3 నుంచి 100.

లెక్క కడదాం. వెయ్యి మందిలో యాభై మందికి సోకిందనుకుంటే, పట్టీ 25 నుంచి 42 మందిని పడుతుంది, మిగతావాళ్లు నెగెటివ్ చీటీతో ఇంటికి పోతారు. సోకినవాళ్లు అయిదుగురే అయితే పట్టుబడేది ముగ్గురో నలుగురో. పొరపాటున పాజిటివ్ అయ్యేవాళ్లు ఏడుగురి దాకా ఉండొచ్చు. పట్టీ మారలేదు, ఊళ్లో జబ్బు మారింది. కిట్ బాగుందా లేదా అని అడిగేవాళ్లు ఈ రెండో సంగతి మర్చిపోతుంటారు.

జబ్బు లేనివాళ్లను లేదనడంలో పొరపాటు తక్కువ కాబట్టి అప్పట్లో పాజిటివ్ వస్తే ఖాయమన్నారు. జబ్బు ఉన్నవాళ్లను వదిలేయడం ఎక్కువ కాబట్టి లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించమన్నారు. ఇంట్లో దగ్గుతున్న పెద్దవాళ్లుంటే ఒక్క గీత చూసి నిశ్చింతగా ఉండకండి. నలభై ఎనిమిది గంటలు ఆగి మళ్లీ ఒకసారి చేయండి.