కళాయి వేయించడం వేరు, కరిగించడం వేరు

రాగి దేగుకు కళాయి పోతే మన పెద్దలు దానిని కళాయి వేయించేవారు. నవాసాగరం చల్లి, తగరం పూసిన తరువాత అదే దేగు మళ్లీ పొయ్యి ఎక్కేది. దానినే పాత సామాన్ల దుకాణంలో తూకానికి వేస్తే, కొలిమిలో కరిగి ఏ విద్యుత్తు తీగగానో మారిపోతుంది. రెండు విధాలుగానూ రాగి వృథా కాలేదు. అయితే మొదటి పద్ధతిలో దేగు మిగిలింది, రెండవ దానిలో లోహం మాత్రమే మిగిలింది. మొదటిది పునర్వినియోగం, రెండవది రీసైక్లింగ్. ఈ రెండూ ఒక్కటేనన్న భావన వలన మన ఇళ్లలోని మంచి వస్తువులు తుక్కులోకి, అసలైన తుక్కు దానాలలోకి పోతున్నాయి.

దైవప్రవక్త (స) తమ చెప్పులను స్వయంగా బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చనిపోయిన గొర్రెను పారవేయడం చూసి, దాని చర్మమైనా పనికి వచ్చేది కదా అని ఆయన అడిగిన సంగతి కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ఉన్నదానిని బాగుచేసుకోవడం ముందు, అది సాధ్యం కానప్పుడు పదార్థాన్ని మరో రూపంలో వాడుకోవడం తరువాత అని మేము గ్రహిస్తున్నాము.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్‌బీ నగర్ వరకు హాస్టళ్లకు, కోచింగ్ కేంద్రాలకు కొదవ లేదు. చదువు ముగించి గది ఖాళీ చేసే విద్యార్థి బకెట్టు, పరుపు, ఫ్యాను, పుస్తకాలు వదిలి వెళ్తాడు. ఆ ఫ్యానును తూకానికి వేస్తే ఇనుముకు, రాగికి మాత్రమే వెల కడతారు. నెమ్మదిగా తిరుగుతున్న సీలింగ్ ఫ్యానుకు చాలాసార్లు కండెన్సరు మార్చితే చాలు, మరికొన్నేళ్లు గాలినిస్తుంది.

సెల్‌ఫోను విషయంలో ఈ వ్యత్యాసం మరింత పెద్దది. ఒక ఫోను వలన భూమికి కలిగే భారంలో అధిక భాగం దాని తయారీలోనే ఉంది. బ్యాటరీ మార్చి మరో రెండేళ్లు వాడితే కొత్త ఫోను తయారీ అంతకాలం వాయిదా పడినట్లే. రీసైక్లింగ్‌కు విద్యుత్తు, రసాయనాలు, నైపుణ్యం కావాలి. మన చర్లపల్లిలోని సీ-మెట్ సంస్థ సర్క్యూట్ బోర్డుల నుండి లోహాలను వెలికితీసే పద్ధతులపై పరిశోధన చేస్తున్నది. ఇది పరిశోధనశాల పని, పెరటి పని కాదు. రాగి కోసం తీగలను బహిరంగంగా కాల్చే చోట ఆ విషపు పొగను పీల్చేది అక్కడ ఆడుకునే పిల్లలే. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, వాటిలో సక్రమంగా సేకరించి రీసైక్లింగ్ చేసినట్లు నమోదైనది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతున్నది.

అలాగని అన్నిటినీ మళ్లీ వాడమనడం లేదు. ఉబ్బిన బ్యాటరీని, పగిలిన పిక్చర్ ట్యూబును ఎవరికీ ఇవ్వరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులపై ఉంది. అటువంటివి నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి.

ఇక మా మదర్సా మాట. ప్రతి రమజానులో బట్టల మూటలతో పాటు పాత కంప్యూటర్లు కూడా వస్తాయి. ఇచ్చేవారి సంకల్పాన్ని మేము శంకించము. కాని వాటిలో చాలావరకు వెలగవు. వాటిని వదిలించుకునే భారం, ఖర్చు మదర్సాపై పడతాయి. మీకు ఇస్తే కళ్లు మూసుకొని తప్ప తీసుకోని నాసిరకం వస్తువును దానంగా ఇవ్వకండని అల్ బఖరా సూరా 267వ ఆయత్ వారిస్తున్నది కదా!

కనుక ఇచ్చే ముందు ఒక్కసారి స్విచ్ వేసి చూడండి. చార్జరును జతచేయండి. ఫోనయితే సిమ్ము, మెమరీ కార్డు తీసి, గూగుల్ ఖాతా నుండి బయటికి వచ్చిన తరువాతనే రీసెట్ చేయండి. ఖాతా తొలగించకపోతే తీసుకున్నవారికి ఆ ఫోను తెరుచుకోకపోవచ్చు. అలా తాళం పడిన రెండు మంచి ఫోన్లు, ఇచ్చినవారెవరో తెలియక, ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి.