వేసవిలో సూర్యుడు దగ్గరికొస్తాడా?

మే నెల ఆదివారం. ఆరాధన ముగించుకుని చర్చి మెట్లు దిగామో లేదో మాడు మండిపోతుంది. 'సూర్యుడు బాగా దగ్గరికొచ్చేశాడు' అనుకుంటూ చెట్టు నీడకు పరుగెడతాం. నిజానికి మనం సూర్యునికి అత్యంత దగ్గరగా ఉండేది చలికి వణికే జనవరి మొదటివారంలో! అప్పుడు దూరం 14.71 కోట్ల కిలోమీటర్లు. జులై మొదటివారానికి అది 15.21 కోట్లవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మనం సూర్యునికి దగ్గరవడం లేదు, దూరమవుతున్నాం.

మరి ఈ ఎండలేమిటి? భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతోంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా మనముండే ఉత్తరార్ధం సూర్యుని వైపు వాలి ఉంటుంది. కిరణాలు నిటారుగా పడతాయి, పగలు పొడవవుతుంది. అంతే.

దూరం మారడానికి కారణం వేరు. భూమి తిరిగే దారి అచ్చమైన వృత్తం కాదు, రవ్వంత నొక్కినట్టుండే దీర్ఘవృత్తం. సూర్యుడు దాని నడిమధ్యన కాక 25 లక్షల కిలోమీటర్లు పక్కకు ఉంటాడు. దగ్గరైనప్పుడు భూమి వేగం పెరుగుతుంది. కావాలంటే గోడ మీది క్యాలెండరులో లెక్కపెట్టి చూడండి. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి 20 నుంచి సెప్టెంబరు 22 దాకా 186 రోజులు. అక్కడి నుంచి మళ్లీ మార్చి 20కి 179 రోజులే!

గ్రహాల దారి గుట్టు విప్పినవాడు జోహన్నెస్ కెప్లర్. 1571లో జర్మనీలో పుట్టిన ఈ లూథరన్ విశ్వాసికి పాస్టరు కావాలని కోరిక. ట్యూబింగెన్‌లో వేదాంతవిద్య పూర్తికాకముందే 1594లో ఆయన్ను గ్రాజ్ పట్టణానికి లెక్కల పంతులుగా పంపేశారు. క్యాథలిక్కుగా మారనన్నందుకు 1600లో అక్కడి నుంచి వెళ్లగొట్టారు. అలా ప్రాగ్ చేరి టైకో బ్రాహి దగ్గర పనికి కుదిరాడు. చిన్ననాటి మశూచితో చూపు మందగించిన కెప్లర్‌కు, టైకో ఏళ్ల తరబడి రాసిపెట్టిన కొలతలే కళ్లయ్యాయి.

అంగారకుని దారిని వృత్తాల లెక్కలోనే ఇమిడ్చాలని ఆయన ఏళ్ల తరబడి తంటాలుపడ్డాడు. ఆకాశంలోనివన్నీ వృత్తాల్లోనే తిరగాలన్నది గ్రీకుల కాలం నుంచీ దాదాపు 2000 ఏళ్లుగా పండితుల నమ్మకం, ఆయనదీ అదే. చివరికి లెక్క కుదిరింది, కానీ 8 నిమిషాల తేడా మిగిలింది. ఇది గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. 8 నిమిషాలంటే నిండు చందమామ వెడల్పులో పావు వంతు. ఎవరడుగుతారు? మనమైతే సర్దేసేవాళ్లం. టైకో కొలతలో అంత పొరపాటు ఉండదని కెప్లర్‌కు తెలుసు. అందుకే కష్టపడి కట్టిన లెక్కంతా పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. 1609లో అచ్చయిన ఆయన పుస్తకంలో దీర్ఘవృత్తం బయటపడింది.

1612లో లింజ్ పట్టణానికి వెళ్తే సొంత సంఘపు పాస్టరే ఆయనకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు. సూర్యుని గురించి చెప్పినందుకు కాదు. ప్రభువు శరీరం అన్నిచోట్లా ఉందనే ఒప్పుకోలు మీద షరతు లేకుండా సంతకం చేయనన్నందుకు! మనసులో ఒకటి పెట్టుకుని సంతకం పెట్టేస్తే గొడవే లేదు. 8 నిమిషాలను దాచలేనివాడికి అదీ చేతకాలేదు. పెద్దలకు మొరపెట్టుకుంటే వారూ పాస్టరు పక్షమే వహించారు. అయినా సంఘాన్ని విడవని కెప్లర్ 1630లో రేగెన్స్‌బర్గ్‌లో చనిపోయాడు. ఊరి గోడల బయట, ప్రొటెస్టెంట్ల సమాధుల తోటలో పాతిపెట్టారు. కొన్నేళ్లకే యుద్ధంలో ఆ సమాధి ఆనవాళ్లు లేకుండా పోయింది.