పరధనముతో పందెము

ఉదయగిరి దాపునగల వరికుంటపాడు ప్రాంతము మెట్టభూమి. వాన కురిసిననే అచ్చట పంట. కురియనిచో పాడియు, కూలియు నిల్లు గడుపును. ఇట్టి చోట గృహిణి మూటగట్టిన రూపాయి యెంత చెమటకు ఫలమో మేము సోదరీమణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. అట్టి రూపాయి యజమానికి దెలియకయే పందెమున కెట్లు పోవునో తెలుపు కథ యొకటి కలదు. అది నెల్లూరు మండలము మద్రాసు రాజధానిలో నున్న దినములలో, ఆ మద్రాసు పట్టణముననే జరిగినది.

అచ్చట ఆర్బత్‌నాట్ అను ఆంగ్లేయ కంపెనీ యుండెను. దాని పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్. ఆ పేరన్న జనులకు కొండంత నమ్మకము. ఉద్యోగులును, వితంతువులును తమ జీవనాధారమును తెచ్చి యచ్చట దాచుకొనిరి. ఆ సొమ్ము ఏమగుచున్నదని యడిగినవారు అరుదు.

సర్ జార్జికి పాట్రిక్ మక్‌ఫాడియన్ అను భాగస్వామి యుండెను. ఇతడు లండనులో మఱియొక కంపెనీని నడపుచు సట్టావ్యాపారమున దిగెను. సట్టా యనగా సరకు కావలసి కొనుట గాదు. రేపు ధర పెరుగునో తరుగునో యని యూహించి, ఆ యూహపై ధనము నొడ్డుట. నష్టము వచ్చినపుడు ఆగుటకు మాఱుగ, దానిని పూడ్చుకొనుటకై మరల నొడ్డుట ఈ వ్యసనపు లక్షణము. లండనులోని గోతిని పూడ్చుటకు మద్రాసు సొమ్ము తరలిపోయెను.

1906 అక్టోబరు 20న మక్‌ఫాడియన్ రైలు క్రింద పడి ప్రాణము తీసికొనెను. 22న మద్రాసులో కంపెనీ దివాలా తీసెను. రావలసిన బాకీకై సుమారు 7,000 మంది నిలిచిరి. 1907లో న్యాయస్థానము సర్ జార్జికి 18 నెలల కఠినశిక్ష విధించెను. కాని యొకరికి శిక్షపడిన మాత్రమున పోయిన సొమ్ము తిరిగి రాదు గదా! ఋణదాతల పక్షమున పోరాడిన వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారు 1907లోనే ఇండియన్ బ్యాంకును స్థాపించిరి.

మక్‌ఫాడియను ధైర్యము తనది, ధనము పరులది. తన్నడుగకయే తన్నొడ్డిన పతినిగూర్చి ద్రౌపది నిండుసభలో ప్రశ్నించినది. ఆ ప్రశ్న నేటికిని పాతబడలేదు.

నేడు బ్యాంకులోని డిపాజిట్టునకు 5 లక్షల రూపాయలవఱకు భీమా కలదు. షేర్ల బేరములకు అట్టి రక్షణ లేదు. షేర్ల వాయిదా బేరములు చేసిన సామాన్యులలో నూటికి 93 మంది మూడేండ్లలో నష్టపోయిరని సెబీ సంస్థ 2024లో ప్రకటించినది. చేతిలోని ఫోనుతో, తల్లి దాచిన సొమ్ముతో, ఆమెకు జెప్పక ఈ బేరమాడు కుమారుడు ఇంటిలోని మక్‌ఫాడియనే. అతడు దుర్మార్గుడు కానక్కఱలేదు. ఒక్క నష్టమును దాచిన చాలును, రెండవది దానివెంటనే వచ్చును.

కావున సోదరీమణులు మూడు ప్రశ్నలు మఱువరాదు. మన సొమ్ము ఎచ్చట నున్నది? దానితో ఏమి చేయుచున్నారు? కోరిన దినమున తిరిగి వచ్చునా? సరియైన బదులు రానిచో, ఎంత పెద్దపేరు చెప్పినను రూపాయి యీయరాదు.

అడుగుట కుటుంబమునకు అవమానమని కొందఱందురు. ఆ మెట్టసీమలోనే, దూబగుంటలో, 1992లో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. పిదప నెల్లూరు జిల్లా స్త్రీలు పొదుపులక్ష్మి పేర దినమున కొక్క రూపాయి కూడబెట్టిరి. సంపాదన ఎచ్చటికి పోవుచున్నదని యడిగినందుననే ఆ యిండ్లు నిలిచినవి. ఆనాడు సారాను గూర్చి యడిగిన ప్రశ్నను నేడు సట్టాను గూర్చి యడుగుటకు సంకోచ మెందులకు?