రోజా ఉన్న రోగి, నర్సు నిర్ణయం

రమజాన్ మాసంలో ఆసుపత్రి వార్డులలో తరచు ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ పరిశీలిద్దాము. చక్కెర వ్యాధితో చేరిన ఒక వృద్ధురాలిని ఊహించండి. ఉదయం నర్సు ఇన్సులిన్ ఇవ్వడానికి వచ్చేసరికి ఫలహారం ముట్టకుండా అలాగే ఉన్నది. కారణమడిగితే, "రోజా ఉన్నాను బిడ్డా, డాక్టరు సాబుకు చెప్పకు" అంటుంది. ఎప్పటి మోతాదే సూది వేస్తే కొద్ది గంటలలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వేయకపోతే పెరిగిపోవచ్చు. చెబితే నమ్మకద్రోహమనిపిస్తుంది, దాచితే ప్రాణం మీదికి వస్తుంది.

వైద్య నీతిశాస్త్రంలో 1979లో బోచాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు నాలుగు సూత్రాలను ప్రతిపాదించారు: రోగి స్వనిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకుండడం, న్యాయం పాటించడం. మన ఉదాహరణలో మొదటి సూత్రం ఒకవైపు లాగితే తరువాతి రెండూ మరొకవైపు లాగుతున్నవి. సూత్రాలు తెలిసినంత మాత్రాన నిర్ణయం తేలదు. ముందు రెండు సంగతులు తెలియాలి: షరీఅత్ ఆమెను నిజంగా ఏమి కోరుతున్నది? ఆమె శరీరం ఎంతవరకు తట్టుకోగలదు?

దివ్య ఖుర్ఆన్ రెండవ అధ్యాయం 184, 185 వచనాలు రోగికి, ప్రయాణికునికి సడలింపునిచ్చినవి. కోలుకునే రోగి ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకోవాలి. కోలుకునే ఆశ లేనివారు రోజుకొక పేదకు అన్నం పెట్టే ఫిద్యా చెల్లించాలని ఫిఖ్‌హ్ పండితులు వివరించారు. హాని కలుగునా లేదా అన్నది రోగి స్వానుభవం వల్ల గాని, నమ్మదగిన వైద్యుని మాట వల్ల గాని తేలుతుంది. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉదంతం కలదు. తలకు గాయమైన ఒక వ్యక్తి స్నానం విధి అయినప్పుడు సడలింపు ఉన్నదా అని తోటివారిని అడిగాడు. లేదన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోలేదని దైవప్రవక్త (స) వారిని తీవ్రంగా మందలించారు.

ఇక వైద్యం. 2001లో 13 దేశాలలో జరిగిన సర్వేలో మొదటి రకం చక్కెర వ్యాధి ఉన్న ముస్లిములలో 43 శాతం, రెండవ రకం వారిలో 79 శాతం కనీసం పదిహేను రోజులు రోజా పాటించినట్లు తేలింది. కనుక మన వృద్ధురాలు అరుదైన రోగి కాదు. రోజాలో ఉండగా చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె తగ్గినా, 300 దాటినా విరమించాలని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నవి. వేలికి సూది గుచ్చి పరీక్షిస్తే రోజా భంగమవుతుందని చాలామంది భయపడతారు, అది సరికాదు. పోషకాహారం కాని ఇంజెక్షన్ల వల్ల కూడ రోజా చెడదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది.

ఇప్పుడు నర్సు చేయగలిగినది స్పష్టమవుతుంది. మొదట చక్కెర పరీక్షించాలి. డాక్టరు చెప్పేవరకు సూది ఆపాలి. "మీ మోతాదు మార్చవలసినది డాక్టరుగారే అమ్మా, ఆయనకు తెలియకుండా నేను మందివ్వలేను" అని ఆమెకే ముందుగా చెప్పాలి. గోప్యం అంటే చికిత్స చేసేవారి నుండి దాచడం కాదు. కొడుకుకు, పక్క మంచం వారికి చెప్పకుండడం. ఒక్క పని మాత్రం ఎన్నటికీ చేయరాదు: ఆమెకు తెలియకుండా సెలైనులో గ్లూకోజు కలపడం. అది పోషకం గనుక రోజా భంగం, పైగా మోసం. స్పృహ తప్పితే మాత్రం క్షణమైనా ఆలస్యం చేయక గ్లూకోజు ఇవ్వవలసినదే.

నర్సు ఫత్వా చెప్పనక్కరలేదు. మన ఆసుపత్రులలో ఎందరో నర్సులు అన్యమతస్థులు. ముస్లిం నర్సుకు కూడ "ఏమీ కాదు, తినేయండి" అనే అధికారం లేదు. ఇమాముగారిని పిలిపించవచ్చును. తరచు ఆ వృద్ధురాలి బాధ ఇదే తన చివరి రమజాన్ ఏమోనన్నది. ఫిద్యా సంగతి తెలిస్తే మనసు కుదుటపడేవారున్నారు. అప్పటికీ రోజా ఉంటానంటే డాక్టరు మోతాదు మార్చి, ఎన్నిసార్లు పరీక్షించాలో నిర్ణయించాలి. ఉదయపు నర్సు డ్యూటీ మధ్యాహ్నానికే ముగుస్తుంది. చక్కెర పడిపోయేది ఇఫ్తారుకు ముందు సాయంత్రం కావచ్చు. కనుక ఆ మాటను తరువాతి నర్సు కోసం రిపోర్టు పుస్తకంలో వ్రాయడం ఆమె మరువకూడదు.