చిగుళ్ల వ్యాధి: అవగాహన, చికిత్స, నివారణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడాన్ని చాలామంది వ్యాధిగా పరిగణించరు. నొప్పి లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. చిగుళ్ల వ్యాధిలో పూర్తిగా నయమయ్యే దశ, నష్టాన్ని ఆపగలమే తప్ప పూడ్చడం కష్టమయ్యే దశ అని రెండు దశలున్నాయి. ఈ రెండింటి మధ్య సరిహద్దును గుర్తించడంపైనే దంతాల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. వ్యాధి ఏర్పడే విధానాన్ని, దానిని తీవ్రతరం చేసే అంశాలను, నిర్ధారణ, చికిత్స, నివారణ పద్ధతులను, ప్రజల్లో ఉన్న కొన్ని అపోహలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిగుళ్లు, పాచి, గార, జింజివైటిస్, పెరియోడాంటైటిస్, మధుమేహం, పొగాకు, స్కేలింగ్.

1. ఉపోద్ఘాతం:
దంతవ్యాధి అనగానే మనకు ముందుగా పిప్పి పన్ను గుర్తుకు వస్తుంది. పిప్పి పన్ను బాధిస్తుంది కాబట్టి రోగి వైద్యుడి దగ్గరకు వెళ్తాడు. చిగుళ్ల వ్యాధి అలా బాధించదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా సాగి, పన్ను కదలడం మొదలైన తరువాత మాత్రమే తన ఉనికిని చాటుకుంటుంది. అప్పటికి పంటిని పట్టి ఉంచే ఎముకలో చాలా భాగం కరిగిపోయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం, తీవ్రమైన చిగుళ్ల వ్యాధితో బాధపడుతున్నవారు ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లకు పైగా ఉన్నారని అంచనా. ఇంత విస్తృతమైన వ్యాధి చాలావరకు నివారించదగినది కావడం గమనార్హం.

2. పంటిని నిలిపి ఉంచే నిర్మాణం:
పన్ను దవడ ఎముకలోకి మేకులా దిగగొట్టినది కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని తంతువులతో కూడిన బంధం ఉంటుంది. ఈ తంతువులు ఒకవైపు వేరుపై ఉన్న సిమెంటం అనే పొరలో, మరోవైపు ఎముకలో పాతుకొని ఉంటాయి. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని ఇవే భరిస్తాయి. చిగురు, తంతుబంధం, సిమెంటం, దవడ ఎముక అనే నాలుగూ కలిసి పంటికి ఆధారం.

చిగురు అంచుకూ పంటికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో దీని లోతు సాధారణంగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు. వ్యాధి ఆరంభమయ్యేది ఈ సందులోనే.

3. పాచి, గార - రెండు మాటలు, రెండు స్థితులు:
తెలుగులో పంటి మీద చేరే పదార్థానికి పాచి, గార అని రెండు మాటలున్నాయి. వాడుకలో ఈ రెండింటినీ కలిపివేస్తున్నా, వైద్యశాస్త్రపరంగా ఇవి వేర్వేరు స్థితులు.

నీటి అడుగున, తడి రాళ్ల మీద పట్టే జిగట పొరను కూడా మనం పాచి అనే అంటాం. ఈ పోలిక శాస్త్రీయంగానూ సరిపోతుంది. పంటి పాచి కేవలం ఆహారపు తునకల పోగు కాదు. అది జిగురు వంటి పదార్థంలో ఒదిగి బతికే సూక్ష్మజీవుల సమూహం. డచ్ పరిశీలకుడు లీవెన్‌హుక్ 1683లో తన పంటి పాచిని సూక్ష్మదర్శిని కింద ఉంచి, అందులో కదలాడే జీవులను చూసి, ఆ విషయాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ ద్వారా తెలియజేశాడు. పాచి మెత్తగా ఉంటుంది కాబట్టి బ్రష్షుతో తొలగిపోతుంది. నోటిని పుక్కిలించినంత మాత్రాన పోదు.

తొలగించని పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి, కొద్ది రోజుల్లో దానిని గట్టిపరుస్తాయి. అదే గార. గోడకు పూసిన సున్నపు గార మాదిరిగానే ఇదీ గట్టిగా అతుక్కుంటుంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోట్ల, అంటే కింది ముందుపళ్ల లోపలివైపు, పైదవడ దంతాల బుగ్గవైపు గార ఎక్కువగా చేరుతుంది. గార ఒకసారి ఏర్పడ్డాక బ్రష్షుకు లొంగదు. దాని గరుకుతలం కొత్త పాచి చేరడానికి అనువైన చోటవుతుంది.

4. వ్యాధి దశలు:
4.1. చిగుళ్ల వాపు:
పాచికీ చిగుళ్ల వాపుకూ గల కార్యకారణ సంబంధాన్ని 1965లో హెరాల్డ్ లో, ఆయన సహపరిశోధకులు డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ఆరోగ్యకరమైన చిగుళ్లున్న 12 మంది పళ్లు తోముకోవడం మానివేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి తోముకోవడం ప్రారంభించగానే, దాదాపు వారం రోజుల్లో చిగుళ్లు మామూలు స్థితికి వచ్చాయి. పాచి చేరితే వాపు వస్తుందని, పాచి తొలగితే వాపు పోతుందని ఈ ప్రయోగం స్పష్టం చేసింది.

ఈ దశను వైద్యపరిభాషలో జింజివైటిస్ అంటారు. చిగురు ఎర్రబడడం, ఉబ్బడం, తాకితే రక్తం రావడం దీని లక్షణాలు. ఎముకకు ఇంకా నష్టం జరగదు. ఇది పూర్తిగా నయమయ్యే దశ.

4.2. ఎముకను కరిగించే దశ:
వాపు కొనసాగితే కొందరిలో వ్యాధి లోతుకు దిగుతుంది. చిగురు పంటి నుంచి విడివడి, సందు లోతై సంచిలా మారుతుంది. ప్రాణవాయువు అందని ఆ లోతులో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. వాటిని ఎదుర్కొనేందుకు శరీరం పంపే తెల్లరక్తకణాలు, అవి విడుదల చేసే రసాయనాలు తంతుబంధాన్ని కూడా దెబ్బతీస్తాయి. ఎముకను కరిగించే కణాలు ఉత్తేజితమవుతాయి. అంటే ఎముక నష్టంలో సూక్ష్మజీవుల పాత్ర ఎంత ఉందో, వాటిపై మన శరీరం జరిపే అదుపు తప్పిన పోరాటం పాత్ర కూడా అంతే ఉంది. ఈ దశే పెరియోడాంటైటిస్.

చిగుళ్ల వాపు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ దశ రాదు. శ్రీలంక తేయాకు తోటల్లో దంతవైద్యం గాని, పళ్లు తోముకునే అలవాటు గాని లేని 480 మంది పురుష కార్మికులను 1970 నుంచి 15 సంవత్సరాల పాటు పరిశీలించారు. అందరికీ పాచి, గార, చిగుళ్ల వాపు ఉన్నా, సుమారు 8 శాతం మందిలో వ్యాధి వేగంగా, 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగింది. 11 శాతం మందిలో వాపు దశను దాటలేదు. వేగంగా సాగినవారు 45 ఏళ్లకే దాదాపు పళ్లన్నీ కోల్పోయారు. పాచి అవసరమైన కారణమే అయినా, వ్యాధి తీవ్రతను వ్యక్తి శరీరతత్త్వం, ఇతర అంశాలు కూడా నిర్ణయిస్తాయని దీని నుంచి గ్రహించవచ్చు. అయితే తాను ఏ వర్గానికి చెందుతాడో ఎవరూ ముందుగా చెప్పలేరు. కాబట్టి జాగ్రత్త అందరికీ అవసరమే.

5. ప్రాచీన భారతీయ వైద్యంలో ప్రస్తావన:
సుశ్రుతసంహిత నిదానస్థానం 16వ అధ్యాయం ముఖరోగాలను వివరిస్తుంది. అందులో దంతమూలానికి చెందిన రోగాలు 15. చిగుళ్ల నుంచి అకారణంగా రక్తం కారి, అవి మెత్తబడి దుర్గంధం రావడాన్ని శీతాదమని, చీము నెత్తురు కారి పళ్లు కదలడాన్ని దంతవేష్టమని ఆ గ్రంథం వేరు చేసింది. ఈ పేర్లను నేటి వ్యాధినామాలతో యథాతథంగా సమానం చేయడం సరికాదు. కానీ రక్తస్రావానికి పరిమితమైన స్థితిని, పంటి కదలికకు దారితీసే స్థితిని వేర్వేరుగా గుర్తించిన పరిశీలన గమనించదగినది.

6. వ్యాధిని తీవ్రతరం చేసే అంశాలు:
6.1. పొగాకు: సిగరెట్టు, బీడీ, చుట్ట, గుట్కా ఏ రూపంలోనైనా పొగాకు చిగుళ్లకు హాని చేస్తుంది. పొగతాగేవారిలో మరొక ప్రమాదం కూడా ఉంది. వారి చిగుళ్లలో రక్తస్రావం తక్కువగా కనిపిస్తుంది. అందువల్ల వ్యాధి ముదిరినా హెచ్చరిక అందదు.

6.2. మధుమేహం: ఈ రెండు వ్యాధుల మధ్య సంబంధం రెండు వైపులా పనిచేస్తుంది. రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల వ్యాధి పెరుగుతుంది. చిగుళ్లలోని దీర్ఘకాలిక వాపు చక్కెర అదుపును కష్టతరం చేస్తుంది. చిగుళ్లకు చికిత్స చేసినపుడు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ విలువ సగటున 0.4 శాతం మేర తగ్గినట్లు 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది.

6.3. గర్భధారణ: హార్మోన్ల మార్పుల వల్ల ఈ సమయంలో పాచికి చిగుళ్లు అతిగా స్పందిస్తాయి. గర్భిణులు పళ్లు శుభ్రం చేయించుకోకూడదన్న భావన నిరాధారం. అయిదారు నెలల సమయం ఇందుకు అనుకూలం.

6.4. మందులు: మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్, అవయవమార్పిడి రోగులు వాడే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతాయి. ఇలా జరిగితే మందును సొంతంగా మానకుండా, దానిని రాసిన వైద్యుడిని సంప్రదించాలి.

గుండెజబ్బులతోనూ చిగుళ్ల వ్యాధికి సంబంధం ఉన్నట్లు అధ్యయనాలు చూపుతున్నాయి. అయితే ఇది సహసంబంధమే. చిగుళ్ల చికిత్స గుండెపోటును నివారిస్తుందని నిరూపణ కాలేదు. ప్రచారంలో ఈ భేదాన్ని విస్మరించరాదు.

7. నిర్ధారణ:
అద్దంలో చూసుకుంటే ఎముక నష్టం కనపడదు. గుర్తులు చెక్కిన సన్నని ప్రోబ్‌ను చిగురు సందులోకి మృదువుగా దించి, ప్రతి పంటి చుట్టూ లోతును కొలుస్తారు. ఎముక స్థితిని ఎక్స్‌రే తెలుపుతుంది. 2017లో అమెరికా, ఐరోపా దంతవైద్య నిపుణులు కలిసి రూపొందించిన వర్గీకరణ ప్రకారం వ్యాధి తీవ్రతను నాలుగు దశలుగా, అది సాగే వేగాన్ని ఏ, బీ, సీ అనే మూడు శ్రేణులుగా నిర్ణయిస్తారు. రోజుకు 10 లేదా అంతకు మించి సిగరెట్లు తాగేవారిని, హెచ్‌బీఏ1సీ 7 శాతం లేదా ఆపైన ఉన్న మధుమేహ రోగులను వేగవంతమైన శ్రేణిలో చేర్చడం ఈ వర్గీకరణలో ముఖ్యాంశం.

8. చికిత్స:
చికిత్స మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు రోగి అలవాట్ల మార్పు. సరిగా తోముకోవడం నేర్పడం, పొగాకు మాన్పించడం, చక్కెరను అదుపు చేయించడం, చిగురు పైన ఉన్న గారను తొలగించడం ఇందులో భాగం. రెండవ మెట్టులో మత్తుమందు ఇచ్చి, చిగురు లోపల వేరును అంటిన పాచిని, గారను శుభ్రం చేస్తారు. కొన్ని వారాల తరువాత మళ్లీ కొలుస్తారు. చాలామందిలో సంచుల లోతు ఈ మెట్టుతోనే తగ్గుతుంది. లోతైన సంచులు మిగిలితే మూడవ మెట్టుగా శస్త్రచికిత్స చేస్తారు. అనువైన చోట్ల కొంత ఎముకను పునరుద్ధరించే అవకాశమూ ఉంది. నాలుగవ మెట్టు జీవితకాలపు పర్యవేక్షణ. రోగి పరిస్థితిని బట్టి 3 నుంచి 12 నెలలకు ఒకసారి వైద్యుడిని కలవాలి. ఈ చివరి మెట్టును విస్మరిస్తే మునుపటి శ్రమ వృథా అవుతుంది.

యాంటీబయాటిక్ మాత్రలు పాచి పొరలోకి తగినంతగా చొరబడలేవు. శుభ్రపరచకుండా మాత్రలు మింగడం చికిత్స కాదు. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం కొద్దికాలం ఉపకరిస్తుంది. ఎక్కువకాలం వాడితే పళ్లపై మరకలు ఏర్పడతాయి, రుచి మారుతుంది.

9. నివారణ:
మెత్తని కుంచె గల బ్రష్షును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్న కదలికలతో రోజుకు రెండుసార్లు, ప్రతిసారి కనీసం రెండు నిమిషాలు తోముకోవాలి. రాత్రి నిద్రకు ముందు తోముకోవడం తప్పనిసరి. పళ్ల సందుల్లోకి మామూలు బ్రష్షు చేరదు. అక్కడికి దారం గాని, సందుల బ్రష్షు గాని వాడాలి.

వేపపుల్ల, కానుగపుల్ల మన సంప్రదాయంలో ఉన్నవే. కొసను బాగా నమిలి మెత్తని కుంచెగా చేసుకుని వాడితే పాచిని తొలగిస్తాయి. కానీ లోపలివైపులకు, వెనుక పళ్లకు అందడం కష్టం. బొగ్గు, ఇటుకపొడి, బూడిద మాత్రం పంటిని అరగదీస్తాయి, చిగురును గీస్తాయి. వాటిని మానడమే మేలు.

10. కొన్ని అపోహలు:
రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానడం మొదటి అపోహ. తోమడం మానితే పాచి చేరి రక్తస్రావం పెరుగుతుంది. అక్కడే మృదువుగా, శ్రద్ధగా తోమాలి. రెండు వారాల్లో తగ్గకపోతే వైద్యుడికి చూపాలి. అరుదుగా ఇది రక్తవ్యాధులకు కూడా సూచన కావచ్చు.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది రెండవ అపోహ. ఎముక ముందే కరిగినపుడు పళ్లను గార కొంతమేర అంటిపెట్టి ఉంచుతుంది. దానిని తీశాక అప్పటివరకు దాగి ఉన్న కదలిక, సందులు బయటపడతాయి. వాపు తగ్గి చిగురు కుంచించుకోవడం వల్ల కొన్నాళ్లు పళ్లు జివ్వుమంటాయి. కదలికకు కారణం వ్యాధే, శుభ్రపరచడం కాదు.

వయసు మళ్లితే పళ్లు ఊడడం సహజమన్నది మూడవ అపోహ. పళ్లు ఊడేది వ్యాధి వల్ల. వయసు ఆ వ్యాధికి ఎక్కువ కాలం ఇస్తుంది, అంతే.

11. ముగింపు:
పై పరిశీలనను బట్టి కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు.

1. చిగుళ్ల నుంచి రక్తం రావడం వ్యాధి తొలి సంకేతం. ఆ దశలో పూర్తిగా నయం చేయవచ్చు.
2. ఎముక కరగడం మొదలైతే వ్యాధిని ఆపవచ్చు గాని, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు.
3. పాచిని రోగి రోజూ తొలగించాలి. గారను తొలగించవలసినవాడు వైద్యుడు. ఒకరి పని మరొకరు చేయలేరు.
4. మధుమేహ రోగుల వైద్యంలో చిగుళ్ల పరీక్ష భాగం కావాలి.

వైద్యశాస్త్రం చెప్పే ఈ విషయాలు జనం భాషలోకి చేరినపుడే ప్రయోజనం నెరవేరుతుంది. పాచి, గార వంటి మాటలు మన వాడుకలోనే ఉన్నాయి. పాఠశాల స్థాయి నుంచి ఆ మాటలతోనే ఈ భేదాన్ని బోధిస్తే, నొప్పి వచ్చేదాకా ఆగే అలవాటు మారే అవకాశం ఉంది.